పండుగ నాటికి పువ్వు, పండుగ దాటాక కాయ

పువ్వు లేని పండుగ లేదు. పెళ్ళికీ, పేరంటానికీ, గుడికీ, సభకీ, చివరికి మనిషి వెళ్ళిపోయిన రోజున పాడె మీదికీ పువ్వే కావాలి. మన హాస్టల్ వార్షికోత్సవానికి రాసుకునే ఖర్చుల పట్టీలో కూడా షామియానా, మైకుసెట్టు తర్వాత మూడో పద్దు పూలదే. ఇంత అవసరమైన పువ్వును మన ఇళ్ళలో చాలామంది రెండు రకాలుగానే ఎరుగుదురు. ఒకటి కొనడం, రెండోది కూలికి కోయడం. మా అమ్మలు తెల్లవారుజామున వేరేవాళ్ళ చేలో ఒళ్ళు తడిసిపోయేలా మంచులో బంతిపూలు కోసి, ఎండెక్కేసరికి ఇంకో పనికి పోయేవారు. కోసిన పువ్వు ఎన్ని కిలోలు తూగిందో వాళ్ళకు తెలుసు. అది ఎంతకు అమ్ముడుపోయిందో తెలియదు.

మేము ఈ హాస్టల్‌లో చదివి, ఇప్పుడు ఎం.యస్సీ. వృక్షశాస్త్రం చేస్తున్నవాళ్ళం. మా ఇళ్ళలో డిగ్రీ గడప తొక్కిన మొదటివాళ్ళం. పుస్తకాల్లో చదువుకున్నదీ, అమ్మల చేతుల్లో చూసిందీ పక్కపక్కన పెట్టి చూస్తే, కొద్దిపాటి జాగాలో కూడా పూల సాగు చేయవచ్చని మాకు అర్థమైంది. ఎకరాలు అవసరం లేదు. అయిదు గుంటల అసైన్డు భూమి, ఇంటి వెనక పెరడు, పొలం గట్టు ఉన్నా చాలు. కావలసింది లెక్క. ఆ లెక్క తమ్ముళ్ళకు చెప్పడానికే ఈ వ్యాసం.

ఏడాది మొక్క అంటే ఏమిటి?

మల్లె, గులాబీ, కనకాంబరం ఒకసారి నాటితే ఏళ్ళ తరబడి ఉంటాయి. బంతి, సీతమ్మజడ, గునుగు, బొగడబంతి, ఆస్టర్, జినియా అలా కాదు. గింజ మొలిచి, పెరిగి, పూచి, కాచి, గింజ రాల్చి, ఒకే కారులో చచ్చిపోతాయి. వీటినే ఏకవార్షికాలు అంటాం. పైరుల్లో వరి, జొన్న, నువ్వు ఎలాగో పూలలో ఇవి అలాగ.

ఏకవార్షికం బ్రతుకంతా ఒక్క పని కోసమే. అది గింజ కట్టడం. పువ్వు మన కోసం పూయదు, గింజ కోసం పూస్తుంది. ఈ ఒక్క మాట గుర్తుంటే పూల సాగులో సగం తెలిసినట్టే. బంతిపువ్వు కోసేస్తే మొక్క ఇంకా గింజ కట్టలేదు కాబట్టి మళ్ళీ మొగ్గ వేస్తుంది. కోయకుండా వదిలేస్తే ఆ పువ్వు గింజ కడుతుంది, మొక్క తన పని అయిపోయిందని కొత్త మొగ్గలు తగ్గిస్తుంది. అందుకే మన పెద్దలు "కోసినకొద్దీ పూస్తుంది" అంటారు. పువ్వు కావాలంటే గింజ కట్టనివ్వకూడదు. కాయ కావాలంటే పువ్వు కోయకూడదు. రెండూ కావాలనుకుంటే మొక్కలను ముందే రెండు భాగాలు చేసుకోవాలి.

పంచాంగం చూసి విత్తనం

పూల సాగులో నష్టపోయేవాళ్ళలో ఎక్కువమంది తెగులుతో కాదు, తేదీతో నష్టపోతారు. దసరాకు రావలసిన పువ్వు దసరా అయిన వారానికి వస్తే దానిని అడిగేవాడుండడు. వరికి పది రోజులు అటూ ఇటూ అయినా ఫరవాలేదు. పండుగ పువ్వుకు పది రోజులు అంటే మొత్తం పంట.

మన పండుగలు చాలావరకు చాంద్రమానం ప్రకారం వస్తాయి. చాంద్రమాన సంవత్సరం మన క్యాలెండరు కంటే సుమారు 11 రోజులు తక్కువ. అందుకే పండుగ ఏటా 10, 11 రోజులు ముందుకు జరుగుతుంది. సుమారు మూడేళ్ళకు ఒకసారి అధికమాసం వచ్చినప్పుడు మళ్ళీ వెనక్కి పోతుంది. దసరా 2024లో అక్టోబరు 12న, 2025లో అక్టోబరు 2న వచ్చింది. 2026లో అధిక జ్యేష్ఠం ఉంది కాబట్టి అక్టోబరు 20న. "నిరుడు ఫలానా రోజు నారు పోశాం, ఈసారీ అదే రోజు పోద్దాం" అనుకుంటే 18 రోజులు తేడా వస్తుంది.

కాబట్టి విత్తనం రోజు నుండి ముందుకు లెక్కపెట్టకూడదు. పండుగ రోజు నుండి వెనక్కి లెక్కపెట్టాలి. తెలంగాణలో బతుకమ్మ భాద్రపద అమావాస్య నాడు ఎంగిలిపూలతో మొదలై తొమ్మిదో రోజు సద్దుల బతుకమ్మతో ముగుస్తుంది. ఆ వెంటనే దసరా. అంటే పువ్వుకు గిరాకీ అమావాస్య నుండి పది పన్నెండు రోజులు. బంతికి నారుమడిలో 25 రోజులు, నాటిన తర్వాత పూత ఊపందుకోవడానికి 65 రోజులు, మొత్తం 90 రోజులు అనుకుందాం. 2025లో బతుకమ్మ సెప్టెంబరు 21న మొదలైంది. దానికి 90 రోజుల వెనక అంటే జూన్ 23. 2026లో అమావాస్య అక్టోబరు 10న. దానికి జూలై 12. చూశారా, ఒకే పండుగకు ఒక ఏడాది మృగశిర కార్తె దాటగానే నారు పోయాలి, మరో ఏడాది పునర్వసు దాకా ఆగాలి.

ఈ 90 రోజులు అన్ని రకాలకూ ఒకటే కాదు. ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ వారి పూసా నారంగి గెందా, పూసా బసంతి గెందా రకాలు పూతకు రావడానికి విత్తనం వేసిన నాటి నుండి నాలుగు నెలలకు పైగా పడుతుంది. కొత్త హైబ్రిడ్లు తొందరగా పూస్తాయి. విత్తనం పొట్లం మీద ఎన్ని రోజులని ఉందో చదివి, ఆ అంకెతోనే వెనక్కి లెక్కపెట్టాలి. చదువుకున్న పిల్లవాడు ఇంట్లో ఉన్నందుకు ఈ ఒక్క పనైనా చేసిపెట్టాలి.

ఇంకో విషయం ఉంది. పగటి పొడవును బట్టి పూచే గుణం చాలా మొక్కలకు ఉంటుంది. ముద్దబంతి, సీతమ్మజడ, జినియా వంటివి పగలు తగ్గుతున్నప్పుడు తొందరగా పూతకు వస్తాయి. జూన్‌లో నాటిన బంతి నిలువెత్తు పెరిగి పూస్తే, అదే గింజ నవంబరులో వేస్తే మోకాలెత్తులోనే పూసేస్తుంది. అందుకని ఆలస్యంగా వేసేటప్పుడు మొక్కలను దగ్గర దగ్గరగా నాటుకోవాలి. ఒక్కో మొక్కకు పూలు తగ్గినా మొక్కల సంఖ్య ఆ లోటు తీరుస్తుంది.

నారు నుండి పూత దాకా

నారుమడి నేల మట్టానికి జానెడు ఎత్తుగా ఉండాలి. వానాకాలంలో నీరు నిలిస్తే రెండాకుల పిలకలు మొదలు దగ్గర మెత్తబడి పడిపోతాయి. దీనినే నారుకుళ్ళు అంటారు. ఒక్క రాత్రిలో మడి అంతా పోతుంది. దీనికి మందు కంటే ముందుజాగ్రత్త మంచిది. ఎత్తుమడి, పలుచగా విత్తనం, పొద్దున్న మాత్రమే నీళ్ళు. బాగా మాగిన పశువుల ఎరువు వాడాలి, పచ్చిపేడ పనికిరాదు.

సీతమ్మజడ, గునుగు గింజలు ఆవగింజ కంటే చిన్నవి, నల్లగా మెరుస్తుంటాయి. చేత్తో చల్లితే ఒకచోట గుట్టగా పడతాయి. పిడికెడు గింజకు నాలుగు పిడికిళ్ళ పొడి ఇసుక కలిపి చల్లితే సమంగా పడుతుంది. మా ఊళ్ళలో నువ్వులు చల్లేది ఇలాగే. గింజ మీద మట్టి ఎక్కువ కప్పకూడదు. బంతి గింజను వేలి కణుపులో సగం లోతున వేస్తే చాలు. జినియాను నారు తీసి నాటితే వేరు కదిలి బెంగ పెట్టుకుంటుంది కాబట్టి నేరుగా సాలులోనే విత్తుకోవాలి.

ముద్దబంతి నారు నాలుగైదు ఆకులు వేసిన తర్వాత సాలుకు సాలుకు 60 సెంటీమీటర్లు, మొక్కకు మొక్కకు 45 సెంటీమీటర్లు ఉండేలా సాయంత్రం పూట నాటాలి. నాటిన మూడు నాలుగు వారాలకు మొక్క తల తుంచాలి. చాలామందికి ఇది బాధగా ఉంటుంది. కాని కొన ఉన్నంతకాలం పక్క కణుపుల్లోని మొగ్గలను అది నిద్రపుచ్చుతుంది. కొనలో తయారయ్యే ఆక్సిన్ అనే పదార్థం చేసే పని ఇది. కొన తీసేస్తే పక్క కొమ్మలు లేస్తాయి, కొమ్మకొమ్మకూ పువ్వు వస్తుంది. తల తుంచితే పూత కొద్దిరోజులు వెనకబడుతుంది, ఆ ఆలస్యం కూడా పైన చెప్పిన 90 రోజుల్లో కలిసే ఉంది. కోడిజుట్టు రకం సీతమ్మజడకు మాత్రం తల తుంచకూడదు. దాని అందమంతా ఆ ఒక్క తలలోనే ఉంది.

యూరియా ఎక్కువ వేస్తే మొక్క ఏపుగా నల్లగా కనిపిస్తుంది, పువ్వు మాత్రం తగ్గుతుంది. వానలు వెనకపట్టి ఎండలు కాసినప్పుడు బంతికి ఎర్రనల్లి పడుతుంది. ఆకు అడుగున సన్నని గూడు, దుమ్ము పట్టినట్టు రంగు కనిపిస్తే అదే. మొదట్లోనే ఆకు అడుగుభాగం తడిసేలా నీళ్ళు గట్టిగా కొడితే చాలావరకు అదుపులోకి వస్తుంది. జినియాకు బూడిద తెగులు ఎక్కువ. దానికి గాలి ఆడేలా ఎడం ఉంచాలి.

ఏ పువ్వు గుణం ఏమిటి?

బంతి మన దేశపు మొక్క కాదంటే చాలామంది నమ్మరు. దాని పుట్టిల్లు మెక్సికో. పోర్చుగీసువారి ద్వారా మన దేశానికి వచ్చింది. మెక్సికోలో నేటికీ చనిపోయిన పెద్దలను తలుచుకునే పండుగకు బంతిపూలే దారి పొడవునా పరుస్తారు. మన గుమ్మానికి తోరణం కట్టే పువ్వు అక్కడ పెద్దలను ఇంటికి పిలిచే పువ్వు. పెద్దగా, ఎత్తుగా పెరిగేది ముద్దబంతి. చిన్నగా, ఎరుపు పసుపు కలిసి పూసేది కారబ్బంతి. బంతి వేర్లలోని పదార్థాలు నేలలో ఉండే కొన్ని నులిపురుగులను అణచివేస్తాయి. టమాట తోటలో 16 సాళ్ళకు ఒక సాలు బంతి వేస్తే కాయతొలుచు పురుగు తల్లి బంతి మొగ్గల మీదికి పోయి గుడ్లు పెడుతుంది. అయితే టమాట పూసే సమయానికి బంతి కూడా పూతలో ఉండాలి. అందుకని 45 రోజుల బంతి నారును, 25 రోజుల టమాట నారును ఒకే రోజు నాటాలని చెబుతారు. ఇక్కడా తేదీల లెక్కే.

గునుగు ఎవరూ నాటని పువ్వు. జొన్న, పత్తి చేలలో కలుపుగా మొలిచి, భాద్రపదం నాటికి వెండి కొనలతో నిలబడుతుంది. బతుకమ్మలో తంగేడు తర్వాత దీనిదే పీట. రంగునీళ్ళలో ముంచి ఎరుపు, ఆకుపచ్చ, నీలం గునుగు కూడా పేరుస్తారు. ఈ పువ్వుకు ధర కట్టే రోజు వస్తుందని మా అమ్మమ్మలు అనుకుని ఉండరు. చేలలో కలుపుమందు కొట్టడం పెరిగిన తర్వాత గునుగు చాలాచోట్ల పలచబడింది. ఇప్పుడు పట్నంలో కట్టలు కట్టి అమ్ముతున్నారు. గట్టు మీద గింజ చల్లితే చాలు, ఎరువూ అడగదు, నీళ్ళూ అడగదు. గింజ రాలకముందే కోయకపోతే మాత్రం మరుసటి ఏడు చేనంతా అదే మొలుస్తుంది. పక్క చేనువాళ్ళతో పేచీ వస్తుంది.

సీతమ్మజడ, దాని అన్నదమ్ముల వంటి కోడిజుట్టు కూడా గునుగు కుటుంబమే. మఖమల్లు గుడ్డలా ఉండే ఆ రంగు బీట్‌రూట్‌లో ఉండే రంగు జాతికి చెందినది. బొగడబంతి కూడా ఈ కుటుంబంలోదే. ఈ కుటుంబం పువ్వులు పుట్టుకతోనే సగం ఎండినట్టు కాగితంలా ఉంటాయి. మనం రేకులు అనుకునేవి నిజానికి నీరు తక్కువగా ఉండే పొరలు. అందుకే ఎండినా వాడినట్టు కనిపించవు. ఎండు పువ్వుల పనికి మన ప్రాంతంలో ఇంతకంటే అనువైనవి లేవు.

ఆస్టర్ చైనా దేశపు మొక్క. బెంగళూరు దగ్గరి హెస్సరఘట్టలోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ కామిని, పూర్ణిమ, శశాంక్ వంటి రకాలను తయారుచేసింది. ఇది బంతిలా కోసినకొద్దీ పూయదు. ఒక్క విడతలో పూచి అయిపోతుంది. కాబట్టి నారు అంతా ఒకేసారి పోయకుండా 15 రోజుల ఎడంతో రెండు మూడు దఫాలుగా పోసుకుంటే చేతిలో ఎప్పుడూ పువ్వు ఉంటుంది.

కోతలోనే సగం ధర

పువ్వును పొద్దెక్కక ముందే కోయాలి. రాత్రంతా మొక్క నీరు పీల్చుకుని నిండుగా ఉంటుంది. మధ్యాహ్నానికి ఆ నీరు ఆకుల ద్వారా ఆవిరైపోతుంది. అప్పుడు కోసిన పువ్వు బుట్టలోనే తల వాల్చేస్తుంది. తోరణానికి కిలోల లెక్కన అమ్మే బంతిని పూర్తిగా విచ్చిన తర్వాత కోయాలి. మంచుతో తడిసిన పువ్వును అలాగే గోతాంలో కుక్కితే లోపల వేడెక్కి నల్లబడుతుంది. నీడలో పరిచి తడి ఆరనిచ్చి నింపాలి.

కాడతో అమ్మేవాటి పద్ధతి వేరు. జినియా కాడను పువ్వుకు జానెడు కిందుగా పట్టుకుని మెల్లగా ఊపాలి. మెడ వంగి ఊగితే పువ్వు ఇంకా ముదరలేదు, కోస్తే నిలవదు. కర్రలా బిగిసి ఉంటే కోయవచ్చు. ఆస్టర్‌ను బయటి వరుస రేకులు విచ్చగానే కోయాలి. పదునైన కత్తితో ఏటవాలుగా కోసి వెంటనే శుభ్రమైన నీటిలో పెట్టాలి. నీటిలో మునిగే ఆకులన్నీ తీసేయాలి. ఆ ఆకులు కుళ్ళితే సూక్ష్మజీవులు పెరిగి కాడలోని సన్నని గొట్టాలను మూసేస్తాయి. బకెట్టులో నీళ్ళున్నా పువ్వు దాహంతో చచ్చిపోతుంది. మాగిన అరటిపండ్ల పక్కన కూడా పూలు పెట్టకూడదు. పండు మాగేటప్పుడు వచ్చే ఇథిలీన్ వాయువు కొన్ని పూలను తొందరగా ముసలి చేస్తుంది. వార్షికోత్సవం ముందురోజు రాత్రి స్టోరు రూములో అరటిగెలలూ పూలబుట్టలూ ఒక్కచోట పెట్టే మన అలవాటు మానుకోవాలి.

ఎండబెట్టడం

పూల రైతును ఏడిపించేది ధర. పండుగ ముందురోజు ఉన్న ధర పండుగ తెల్లారి ఉండదు. అమ్ముడుపోని పూలను రోడ్డు పక్కన పారబోసి ఖాళీ గోతాలతో ఇంటికి వచ్చిన కుటుంబాలను మేము చూశాం. పచ్చిపువ్వు రేపటి దాకా ఆగదు. ఎండిన పువ్వు ఆగుతుంది. బేరం కుదరకపోతే ఇంటికి తెచ్చి, సంక్రాంతికి అమ్ముకోవచ్చు. పేదవాడికి ఆగగలగడమే బలం.

పద్ధతి చాలా సులువు. సీతమ్మజడ, బొగడబంతి, గునుగులను బాగా రంగు వచ్చిన తర్వాత, గింజ రాలడం మొదలుకాకముందు, వాన లేని రోజున కోయాలి. ఆకులు దూసేసి, పది పన్నెండు కాడలు ఒక కట్టగా రబ్బరు బ్యాండుతో కట్టాలి. దారంతో కడితే కాడ ఎండి సన్నబడినప్పుడు జారిపోతుంది, రబ్బరు బ్యాండు తానూ బిగుసుకుంటుంది. కట్టలను తలకిందులుగా, చీకటిగా ఉండి గాలి ఆడే గదిలో దండేనికి వేలాడదీయాలి. తలకిందులు ఎందుకంటే మెత్తగా ఉన్నప్పుడే మెడ నిటారుగా ఎండాలి. చీకటి ఎందుకంటే వెలుతురు రంగును తినేస్తుంది. ఎండలో పరిస్తే తొందరగా ఎండుతుంది కాని వెలిసిన చీరలా అవుతుంది. రెండు మూడు వారాలకు కాడ విరిస్తే ఫట్‌మని విరగాలి. వంగితే ఇంకా తడి ఉందని అర్థం. తడితో పెట్టెలో పెడితే బూజు పడుతుంది.

జినియా వంటి నీరు ఎక్కువ ఉండే పువ్వులు వేలాడదీస్తే ముడుచుకుపోతాయి. వాటిని కడిగి ఆరబెట్టిన సన్నని ఇసుకలో పాతిపెట్టాలి. డబ్బాలో రెండు వేళ్ళ మందం ఇసుక పోసి, పువ్వు నిలబెట్టి, రేకు రేకు మధ్యకు ఇసుక చేరేలా మెల్లగా పోయాలి. మూత పెట్టకుండా వదిలేస్తే రెండు మూడు వారాలకు ఆకారం చెడకుండా ఎండుతుంది. బంతిరేకులను మాత్రం దూసి నీడలో ఎండబెట్టినా విలువే. అందులో ల్యూటిన్ అనే పసుపు పదార్థం ఉంది. గుడ్డులోని సొన మంచి పసుపు రంగులో ఉండడానికి కోళ్ళ మేతలో బంతిరేకుల నుండి తీసిన రంగు కలుపుతారు.

కాయలకు కూడా గిరాకీ ఉంది

పువ్వు అయిపోయిన తర్వాత మిగిలే కాయ కూడా అలంకరణ వస్తువే. మన దేశం నుండి ఎండు పువ్వులు, ఎండు కాయలు, కాడలు విదేశాలకు పోతాయి. తమిళనాడులోని తూత్తుకుడి, బెంగాల్‌లోని కోల్‌కతా ఈ వ్యాపారానికి పేరుపడ్డ చోట్లు. వాళ్ళు కొనేవాటిలో తామరకాయ మొదలుకుని మనం పొయ్యిలో పెట్టేవి కూడా ఉంటాయి.

మన చుట్టూ చూద్దాం. పత్తి ఏరిన తర్వాత కట్టె మీద మిగిలే ఖాళీ గుల్ల నాలుగు రేకుల చెక్కపువ్వులా ఉంటుంది. చెట్టు మీదే ముదిరి చారలు తేలిన బెండకాయ, గోగు కాయ, నిలువునా నాలుగు పగుళ్ళు తేలిన నువ్వుకాయ, ఊపితే గలగలమనే జనుము కాయ, గట్ల మీద చక్రంలా కాచే తుత్తురుబెండ కాయ, ఇవన్నీ పనికివస్తాయి. పత్తికట్టెకు పురుగుమందులు బాగా కొట్టి ఉంటారు కాబట్టి చేతులకు, ముక్కుకు గుడ్డ కట్టుకుని విరవాలి, తర్వాత సబ్బుతో కడుక్కోవాలి. ఉమ్మెత్త కాయ చూడడానికి బాగుంటుంది కాని అది విషం. చిన్నపిల్లలున్న ఇంట్లోకి, హాస్టల్‌లోకి అసలు తేకూడదు.

కాయ కోసే అదను పువ్వు కంటే కష్టం. పచ్చిగా కోస్తే ముడుచుకుంటుంది. బాగా ముదరనిస్తే పగిలి గింజ రాలిపోతుంది. ఆకుపచ్చ పోయి గోధుమరంగు తిరుగుతున్నప్పుడు కాడతో సహా కోసి, కింద కాగితం పరిచి వేలాడదీయాలి. రాలిన గింజ కాగితం మీద పడుతుంది, విత్తనానికి అదే సరిపోతుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక. విదేశీ పుస్తకాలలో ఎండు కాయల బొమ్మలు చూస్తే కుండలాంటి గసగసాల కాయ ముందు కనిపిస్తుంది. అందంగా ఉందని వంటింటి గసగసాలు పెరట్లో చల్లకూడదు. అది నల్లమందు మొక్క. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా పెంచడం నేరం. మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్‌లలో ప్రభుత్వం ప్రకటించిన ప్రాంతాల్లో లైసెన్సు ఉన్న రైతులే పండిస్తారు. తెలియక చేశామంటే చట్టం వినదు. మన పిల్లలు కేసుల్లో పడితే విడిపించుకోవడానికి మన ఇళ్ళలో స్తోమతు ఉండదు.

విత్తనం దాచుకోవడం

హైబ్రిడ్ బంతి విత్తనం ఖరీదు ఎక్కువ. ఒక్కో గింజకు లెక్కకట్టి అమ్ముతారు. దాని పువ్వు నుండి గింజ తీసి మళ్ళీ వేస్తే తల్లిలాంటి పువ్వు రాదు. ఒకటి ముద్దగా, ఒకటి ఒంటిరేకుతో, ఒకటి పొట్టిగా, రకరకాలుగా వస్తాయి. అమ్మకానికి వేసేవాళ్ళు ఇది తెలిసి ఉండాలి. నాటు బంతి, సీతమ్మజడ, గునుగు, బొగడబంతి గింజలు మాత్రం ఇంట్లోనే తీసుకోవచ్చు. పూత మొదట్లోనే అన్నిటికంటే మంచి మొక్కలు నాలుగైదు ఎంచుకుని గుడ్డపీలిక కట్టాలి. వాటి పువ్వు ఎవరూ కోయకూడదు. చివర్లో మిగిలిపోయిన పువ్వుల నుండి గింజ తీస్తే ఏటేటా పంట బక్కచిక్కుతుంది. ఎండిన గింజను కాగితం పొట్లంలో కట్టి, రకం పేరు, తేదీ రాసి, తడి తగలని డబ్బాలో పెట్టాలి. ఆస్టర్ గింజకు మొలకశక్తి తొందరగా తగ్గిపోతుంది, మరుసటి కారుకే వాడేయాలి.

ఒక గుంట లెక్క

ఎకరానికి 40 గుంటలు. గుంట అంటే 121 చదరపు గజాలు, అంటే 1,089 చదరపు అడుగులు. రెండడుగుల సాళ్ళలో అడుగున్నరకు ఒక మొక్క చొప్పున మొక్కకు మూడు చదరపు అడుగులు. లెక్కకు 363 మొక్కలు. దారులు, గట్లు పోను 300 అనుకుందాం. మొక్కకు అర కిలో పువ్వు వచ్చినా కారు మొత్తానికి 150 కిలోలు. కిలో ధర మీ ఊరి మార్కెట్‌లో అడిగి మీరే గుణించుకోండి. విత్తనం, ఎరువు, బస్సు చార్జీ, కమీషను తీసేయండి. ఇంటివాళ్ళ కూలి కూడా ఖర్చులో రాయండి. అమ్మ పని ఉచితం కాదు. అలా రాస్తేనే అసలు మిగిలిందెంతో తెలుస్తుంది.

మొదటిసారే అంతా బంతి వేయవద్దు. అందరూ వేసేది అదే, ధర పడేదీ అదే. సగం బంతి, పావు సీతమ్మజడ, పావు బొగడబంతి వేస్తే పచ్చిగా అమ్ముడుపోనిది ఎండుగా నిలుస్తుంది. ఎండు పువ్వులు కొనేవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉండరు. హైదరాబాద్ గుడిమల్కాపూర్ వంటి పెద్ద మార్కెట్లలో, బొకేలు కట్టే దుకాణాలలో ముందే నాలుగు కట్టలు నమూనాగా చూపించి, కొంటామంటేనే ఎక్కువ వేయాలి. నారు, విత్తనం కోసం గోదావరి జిల్లాల వైపువాళ్ళకు కడియం నర్సరీలు దగ్గర.

మన హాస్టల్‌లో చేద్దామా?

దసరా సెలవుల్లో హాస్టల్ ఖాళీ అవుతుంది కాబట్టి దసరా పువ్వు ఇంటి దగ్గరే వేయాలి. హాస్టల్ మడి వార్షికోత్సవానికి సరిపోతుంది. ఫిబ్రవరి 15న వార్షికోత్సవం అనుకుంటే, చలికి మొక్క నెమ్మదిస్తుంది కాబట్టి పది రోజులు కలిపి 100 రోజులు వెనక్కి లెక్కిస్తే నవంబరు 7. సెలవుల నుండి వచ్చి పుస్తకాలు సర్దుకునేలోపు నారుమడి సిద్ధం చేయవచ్చు. వంటగది వెనక బియ్యం కడిగిన నీళ్ళు పారే జాగా ఉంది. గిన్నెలు తోమిన సబ్బునీళ్ళు మాత్రం మడిలోకి రానీయవద్దు. గదికి ఒక సాలు చొప్పున పంచుకుంటే పదో తరగతి తమ్ముళ్ళకు పరీక్షల చదువు చెడదు.

పంచాంగం చూడడం, వెనక్కి లెక్కపెట్టడం, గుంటకు మొక్కలు లెక్కకట్టడం, ఖర్చులో కూలి రాయడం, చట్టం తెలుసుకోవడం, ఇవన్నీ మనం తరగతి గదిలో నేర్చుకుంటున్నవే. కొన ఎప్పుడు తుంచాలో, మంచులో పువ్వు ఎలా కోయాలో అమ్మలకు ఎప్పుడో తెలుసు. వాళ్ళ చేతిలో ఉన్న విద్యకు మన చేతిలో ఉన్న లెక్క కలిస్తే, వేరేవాళ్ళ చేలో తెల్లవారే బ్రతుకు కొంతైనా మారుతుంది. డిగ్రీలో చేరే రోజున ఫీజుకు, ట్రంకుపెట్టెకు అప్పు చేయనవసరం లేకుండా ఒక్క గుంట అడ్డుపడినా అది చిన్న విషయం కాదు.

ఈ సంవత్సరం వేదిక మీది దండలు కొని తెచ్చినవి. వచ్చే సంవత్సరం వార్షికోత్సవానికి వచ్చే అన్నల మెడలో మన తమ్ముళ్ళు పండించిన బంతిపూల దండ పడాలని, వేదిక మీద మన హాస్టల్ సీతమ్మజడ నిలబడాలని కోరుకుంటున్నాం. విత్తనం మా వంతు. సీతమ్మజడ, బొగడబంతి, గునుగు గింజలు పొట్లాలు కట్టి, పేర్లు రాసి పంపుతాం. మడి మీ వంతు.